అడుగు ప్రవాహమును కొలిచిన మార్సిలీ

ఇస్తాంబుల్ నగరమును రెండు ఖండముల నడుమ నిలిపిన బాస్ఫరస్ జలసంధి దాదాపు 30 కిలోమీటర్ల పొడవు గలది. అందు పైనీరు నల్లసముద్రము నుండి దక్షిణమునకు పారుచుండగా, అడుగునీరు ఉత్తరమునకు పోవుచుండును. ఈ వింతను కొలిచి, కారణమును ప్రయోగముతో చూపిన లూయీజీ ఫెర్డినాండో మార్సిలీ చరిత్రను మన విద్యార్థులకు పరిచయము చేయ సంకల్పించినాము.

మార్సిలీ 1658లో ఇటలీలోని బొలోన్యాలో ఉన్నత వంశమున జన్మించినారు. 1679లో వెనిస్ రాయబారి వెంట ఇస్తాంబుల్ చేరినారు. అచ్చటి జాలరులకు అడుగు ప్రవాహపు సంగతి అనుభవము వలన తెలిసియుండెను. పండితుడనను గర్వముతో ఆ మాటను ఆయన తోసివేయలేదు. తెల్లరంగు పూసిన బెండ్లను త్రాటికి వరుసగా కట్టి, బరువు వేసి నీటిలోనికి దింపినారు. పై బెండ్లు ఒక దిక్కునకు కొట్టుకొనిపోగా, లోతునకు పోయినవి ఎదురు దిక్కునకు మళ్లినవి.

కారణమేమి? రెండు సముద్రముల నీటిని తూచి చూడగా, ఉప్పు హెచ్చుగా గల మధ్యధరా జలము బరువని తేలినది. నడుమ అడ్డుపలక గల తొట్టెలో ఒకవైపు బరువునీటిని, వేరొకవైపు తేలికనీటిని నింపి, పలకకు పైన, క్రింద రంధ్రములు తెరచినారు. బరువునీరు క్రింది దారిన, తేలికనీరు పైదారిన పారినవి. 1681లో రోమ్ నగరమున ఈ ఫలితములు గ్రంథరూపమున వెలువడినవి.

పిమ్మట సైనికుడైన మార్సిలీ 1683లో తాతారులకు బందీగా చిక్కి, బానిసగా అమ్ముడుపోయినారు. వియన్నా ముట్టడి వేళ తుర్కుల శిబిరమున కాఫీ కాచినారు. 1684లో విడుదలై, మరుసటి ఏడే కాఫీపై గ్రంథము ప్రకటించినారు. ఇస్తాంబుల్‌లో తాను పరిచయము చేసికొన్న విద్వాంసుడు హెజార్‌ఫెన్ హుసేన్ ఎఫెందీ రచనను అందు చేర్చినారు. పగవారి విద్యను పగగా చూడని ఈ ఔదార్యమును మేము మిక్కిలి మెచ్చుకొనుచున్నాము.

1703లో బ్రైజాఖ్ కోట శత్రువశమైనది. మరుసటి ఏడు ఆయన పదవిని తొలగించి, అవమానించినారు. అయినను క్రుంగిపోక, 1712లో తన సేకరణలను బొలోన్యా సెనేటునకు సమర్పించి, విజ్ఞానసంస్థకు పునాది వేసినారు. 1725లో సముద్రశాస్త్రమున తొలి గ్రంథములలో ఒకటిగా పేరొందిన రచనను ప్రకటించి, 1730లో కీర్తిశేషులైనారు.

గోదావరి, గంగ మొదలగు నదుల తీయనినీరు వర్షకాలమున బంగాళాఖాతముపై తేలికపొరయై నిలుచుట నేటి శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్న విషయము. మన తీరమున జాలరి చెప్పు మాటను చెవినిడి, కొలిచి చూచు విద్యార్థి మన కళాశాల నుండియు వెలువడవలెనని మా ఆకాంక్ష.