ద్వంద్వ ప్రభుత్వ కాలంలో సర్ కె.వి.రెడ్డి నాయుడు

ఏలూరు: మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రిగా, కార్యనిర్వాహక మండలి సభ్యునిగా, తాత్కాలిక గవర్నరుగా, ప్రధానమంత్రిగా నాలుగు అధికార స్థానాలను నిర్వహించిన ఆంధ్రుడు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. 1875లో రాజమండ్రిలో జన్మించిన ఆయన, అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న ఏలూరులో న్యాయవాద వృత్తి చేశారు.

1919 చట్టం రాష్ట్ర పరిపాలనను రెండు భాగాలు చేసింది. విద్య, వ్యవసాయం, పరిశ్రమలు, స్థానిక స్వపరిపాలన శాసనమండలికి బాధ్యులైన మంత్రులకు బదలాయింపబడ్డాయి. ఆర్థికం, భూమి శిస్తు, పోలీసు, నీటిపారుదల గవర్నరు, ఆయన కార్యనిర్వాహక మండలి చేతిలో ఉండిపోయాయి. 1920 డిసెంబరులో జస్టిస్ పార్టీ మంత్రివర్గంలో రెడ్డి నాయుడు అభివృద్ధి శాఖను చేపట్టారు.

శాఖ పేరు ఘనమైనదే. అయితే గోదావరి నీటిని తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు చేర్చే కాలువపై వ్యవసాయ మంత్రికి అధికారం లేదు. కొల్లేటిలోకి దిగే మురుగు కాలువలు, సరస్సు గర్భంలోని భూముల శిస్తు కూడా అవతలి పక్షానివే. రైతుకు విత్తనం గురించి చెప్పవలసినవారు ఒకరు, నీరు వదలవలసినవారు మరొకరు.

1923లో పదవి వీడిన పిమ్మట, 1924లో ముడిమన్ సంఘం ఎదుట ఆయన ఈ సంగతినే వివరించారు. అడవులు, నీటిపారుదల, రైతు రుణాల చట్టాలు తన పరిధిలో లేవనీ, పరిశ్రమల మంత్రినై ఉండి ఫ్యాక్టరీలు, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కార్మికులతో తనకు సంబంధం లేకపోయిందనీ తెలిపారు. అధికారం కోల్పోయిన నాయకుని అసంతృప్తి ఇందులో కొంత ఉండవచ్చు. అయినప్పటికీ ద్వంద్వ ప్రభుత్వ లోపాలను చెప్పవలసి వచ్చినప్పుడు చరిత్రకారులు నేటికీ ఉదహరించేది ఆయన సాక్ష్యాన్నే.

1929 నుండి 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా పనిచేశారు. 1934లో కార్యనిర్వాహక మండలి సభ్యులై, తాము విమర్శించిన రెండవ పక్షాన కూర్చున్నారు. 1936లో లార్డ్ ఎర్‌స్కిన్ సెలవులో ఉన్నప్పుడు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించారు.

1937 ఏప్రిల్ 1న రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం రద్దయి, నీటిపారుదల సహా శాఖలన్నీ మంత్రులకు దక్కాయి. గవర్నరు ప్రత్యేకాధికారాలపై హామీ లభించనిదే పదవులు స్వీకరించబోమని, మెజారిటీ గల కాంగ్రెసు నిరాకరించడంతో రెడ్డి నాయుడు ప్రధానమంత్రి అయ్యారు. శాఖలున్నా సభాబలం లేదు. జూలై 14న రాజాజీకి బాధ్యతలు అప్పగించారు.

అనంతరం అణ్ణామలై విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా పనిచేసి, 1942లో కన్నుమూశారు.