మన్యం వీరుడు అల్లూరి – తూటాల లెక్క

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శి గారు అడిగినపుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చిన పేరు అల్లూరి సీతారామరాజు గారిది. ఆయన కథ తెలియని తెలుగువారు లేరు. 1974లో కృష్ణ గారి సినిమా వచ్చినపుడు మనలో చాలామంది కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లమే. మొదటి జీతాలతో టిక్కెట్లు కొని చూసినవాళ్లమే. మరి కొత్తగా వ్రాయడానికి ఏమున్నది అని మిత్రులు అడగవచ్చు. నేను సీతంపేట ప్రాంతంలో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో కొంతకాలం ఆయుధ లైసెన్సుల ఫైళ్లు నా బల్ల మీద ఉండేవి. పంట కాపలాకు తుపాకి ఉన్న రైతులు రెన్యూవలు కోసం కొండ దిగి వచ్చేవారు. తుపాకి ఏ రకం, మందు ఎంత, గుండ్లు ఎన్ని అని రిజిస్టరులో వ్రాయడం నా పని. ఆ అలవాటు కొద్దీ, రాజు గారి జీవితం చదివినప్పుడల్లా నా కన్ను తూటాల లెక్క మీదకే పోతుంది. ఆ లెక్క ప్రకారమే ఈ నాలుగు మాటలు.

సీతారామరాజు గారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో మాతామహుల ఇంట జన్మించారు. స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. తండ్రి వెంకటరామరాజు గారు ఫోటోగ్రాఫరు, తల్లి సూర్యనారాయణమ్మ గారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పినతండ్రి రామకృష్ణంరాజు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆయన సంరక్షణలో నరసాపురంలో కొంత చదువు సాగింది. అంటే తరువాతి కాలంలో ప్రభుత్వాన్ని ఎదిరించిన ఈ యువకునికి కచేరీ వ్యవహారం కొత్త కాదన్నమాట. చదువు మీద కంటె గుర్రపుస్వారీ, జ్యోతిషం, వైద్యం, తపస్సు మీద మనసు ఎక్కువ. 1916లో ఉత్తరదేశ యాత్ర చేసి వచ్చి, కృష్ణదేవిపేట ప్రాంతంలో ఆశ్రమవాసిగా స్థిరపడ్డారు.

అప్పటి మన్యం పరిస్థితి మనవారికి చెప్పనక్కరలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకుంటే నేరం, కట్టె తెచ్చుకుంటే నేరం. దానికి తోడు రోడ్డు పనులు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత రోడ్డు పని చేయించి, మంజూరైన కూలి సరిగా చేతికి ఇవ్వలేదు. ఇది చరిత్రకెక్కిన సంగతి. రాజు గారు మొదట పైఅధికారులకు అర్జీలు పెట్టించారు. ఫలితం లేకపోగా, ఆయన మీదే నిఘా పెట్టారు. కొంతకాలం పైడిపుట్టలో భూమి ఇచ్చి కట్టడిలో ఉంచారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ గారి సానుభూతి వల్ల 1922లో తిరిగి మన్యం చేరగలిగారు. గాం గంటందొర, గాం మల్లుదొర మొదలైనవారు ఆయనకు అండగా నిలిచారు.

ఇక అసలు సమస్య ఆయుధాలు. మన్యంలో విల్లంబులు ఉన్నాయి, నాటు తుపాకులు కొన్ని ఉన్నాయి. నాటు తుపాకికి కావలసినవన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. సీసం తక్కువ వేడికే కరుగుతుంది. పొయ్యి మీద గరిటెలో కరిగించి అచ్చులో పోస్తే గుండు తయారవుతుంది. గుండు కాస్త అటూఇటూ ఉన్నా, గుడ్డపీలికతో బిగించి గొట్టంలో దిగగొడితే పేలుతుంది. అయితే ఒకసారి పేల్చి మళ్లీ నింపేలోపల ఎదుటివాడు నాలుగైదు సార్లు కాల్చగలడు. దూరం పోయేకొద్దీ గురి నిలవదు.

పోలీసు తుపాకి తూటా వేరు. అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే టోపీ, ఇత్తడి గొట్టం, లోపల మందు, కొసన గుండు. ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి అతికినట్లు కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గదిలో ఇరుక్కుంటుంది, లేదా గురి తప్పుతుంది. సైన్యపు రైఫిలు గుండుకు సీసం మీద గట్టి లోహపు తొడుగు కూడా ఉండాలి. ఇవి దండిగా తయారయ్యేది కలకత్తా దగ్గర డమ్‌డమ్, పూనా దగ్గర కిర్కీ వంటి సర్కారు ఫ్యాక్టరీల్లో. కొండ మీది కమ్మరి ఎంత పనివాడైనా కొలిమి దగ్గర చేయగల పని కాదు.

ఇంట్లో చేయడం అసాధ్యమా అంటే, తరువాతి కాలంలో అమెరికాలో చేసినవారు ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గుండ్లు బజారులో దొరకనపుడు, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో గుండ్లు నొక్కే అచ్చులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. సీసాన్ని కరిగించి పోయడం కాదు, చల్లని సీసం ముక్కనే లోహపు తొడుగులో పెట్టి ఉక్కు అచ్చులో ప్రెస్సుతో నొక్కడం. దీన్ని స్వేజింగ్ అంటారు. వాడేసిన చిన్న తూటాల గొట్టాలనే తొడుగులుగా మార్చారు. అలా చేసిన గుండ్లు ఒకదానితో ఒకటి కచ్చితంగా సరిపోతాయి కనుక గురి పోటీలవారు వాటిని ఇష్టపడ్డారు. అయితే ఆ ఉక్కు అచ్చు చేయడానికి మంచి లేతు, కొలత పరికరాలు కావాలి. మందు, టోపీ ఎలాగూ బయట కొనవలసిందే. మన దేశంలో అయితే లైసెన్సు లేకుండా తూటా తయారీ నాడు 1878 చట్టం క్రింద నేరం, నేడు 1959 ఆయుధ చట్టం క్రింద నేరం. ఇవేవీ లేని మన్యంలో రాజు గారికి మిగిలిన దారి ఒక్కటే. సర్కారు తూటా సర్కారు దగ్గరే తెచ్చుకోవాలి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మూడింటిలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు దొరికినట్లు లెక్క. తీసుకున్న వస్తువుల వివరం స్టేషను రికార్డులోనే వ్రాసి సంతకం పెట్టి వెళ్లారు. రిజిస్టర్లు వ్రాసి బ్రతికినవాడిని కనుక ఈ ఒక్క సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. తిరుగుబాటు చేసినవాడు లెక్క చెప్పాడు, కూలి ఎగ్గొట్టినవాడు చెప్పలేదు.

ఇప్పుడు భాగహారం చేయండి. తుపాకికి వంద తూటాలు కూడా రావు. ఆ సరకుతోనే పోరాటం నడవాలి. అందుచేతనే ప్రతి తూటా ఆచితూచి వాడారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కాల్చారు. మనవాళ్లను చంపరాదన్న నియమం ఒకటి, తూటా వృథా కారాదన్న జాగ్రత్త ఒకటి అని నా ఊహ. అక్టోబరులో అడ్డతీగల స్టేషనుకు వెళ్లేసరికి పోలీసులు ఆయుధాలు ముందే తప్పించారు. సర్కారు వారికీ లెక్క అర్థమైంది. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసులతో జరిగిన పోరులో దళానికి గట్టి దెబ్బ తగిలింది. పోయిన మనిషికి బదులు మనిషి రావచ్చు గాని, పోయిన తూటాకు బదులు తూటా రాదు.

తరువాత కథ త్వరగా చెబుతాను. 1923 ఏప్రిల్‌లో రాజు గారు అన్నవరం కొండ మీద ప్రత్యక్షమైనపుడు జనం భక్తితో స్వాగతించారు. ఆయన తలకు పదివేల రూపాయల వెల కట్టినా పట్టి ఇచ్చినవారు లేరు. సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ దిగాయి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చి ఊళ్ల మీద ఒత్తిడి పెంచాడు. మే 7న మంప వద్ద రాజు గారిని పట్టుకొని, కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండానే కాల్పించాడు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు. కృష్ణదేవిపేటలో సమాధి ఉన్నది. నెల తిరిగేసరికి గంటందొర కూడా నేలకొరిగారు. అండమాను చూసి వచ్చిన మల్లుదొర గారు 1952లో విశాఖ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా రాజు గారి పేరిట జిల్లా ఏర్పడింది. అదే రోజున మన సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది.

చివరగా నా సొంత మాట ఒకటి, దాచకుండా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో, ఒక ఆఫీసులో, ఒక సవర పెద్దాయన రోడ్డు పని కూలి కోసం మూడు వారాలు వరుసగా వచ్చాడు. మస్టరులో ఆయన వేలిముద్ర పడి ఉన్నది, డబ్బు మాత్రం అందలేదు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. అయినా పై వారం రమ్మన్నాను. నాలుగో వారం ఆయన రాలేదు. నేనూ వెతకలేదు. ఆ మస్టరు కింద నా ఇనీషియల్సు కూడా ఉన్నాయి.

మన్యంలో అంత పోరాటం తూటాలతో మొదలు కాలేదు, అందని కూలితో మొదలైంది. ఈ సంచిక చదివే కుటుంబాలలో పిల్లలు, మనుమలు ఎందరో ప్రభుత్వోద్యోగాల్లో ఉన్నారు. బల్ల ముందు నిలబడినవాని లెక్క ఆ రోజే తేల్చి పంపండి. రాజు గారికి మనం పెట్టగల నమస్కారం అదే.