అన్యాపదేశ కథకుడు జార్జ్ ఆర్వెల్

రాజపాళయంలో మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఆంగ్లం. వీరికి ‘యానిమల్ ఫామ్’ బోధించేటప్పుడు తొలుత ఎదురయ్యే చిక్కు ‘అలిగరీ’ అనే పదం. ఒక్క వాక్యంలో ఒదిగేది రూపకం. కథ పొడవునా సాగుతూ, పైకి ఒక అర్థాన్నీ లోపల మరొక అర్థాన్నీ మోసేది అన్యాపదేశం. చిన్నయసూరి నీతిచంద్రికలో మాటలాడే మృగాలను ఎరిగినవారికి ఇది కొత్త కాదు. అయితే ఏ పంది ఏ నాయకుడో పట్టిక వ్రాసి వల్లించినంత మాత్రాన గ్రంథం బోధపడదు. గ్రంథకర్త జీవితం తెలియాలి.

ఆయన అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న బీహారులోని మోతీహారిలో జన్మించారు. తండ్రి ఆంగ్ల ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే తల్లి ఆయనను ఇంగ్లండుకు తీసుకొని వెళ్ళారు. ఈటన్‌లో విద్యార్థి వేతనంపై చదివి, 1922లో బర్మాలో పోలీసు ఉద్యోగంలో చేరారు. పరపాలనకు తానూ పనిముట్టునయ్యానన్న అపరాధ భావన వేధించగా, 1927లో స్వదేశం చేరి ఆ కొలువు వదులుకున్నారు. పారిస్, లండన్ నగరాలలో నిరుపేదల నడుమ జీవించారు. హోటలులో అంట్లు తోమారు. 1933లో ఆ అనుభవాలను గ్రంథంగా వెలువరిస్తూ జార్జ్ ఆర్వెల్ అనే కలంపేరు ధరించారు.

1936 చివర స్పెయిన్ చేరి ఫాసిస్టులతో పోరాడారు. 1937 మే నెలలో తుపాకి గుండు ఆయన కంఠంలోనుండి దూసుకుపోయింది. బ్రతికి బయటపడగానే మరొక ఆపద వచ్చింది. స్టాలిన్ అనుయాయులు ఆయన దళంపై ద్రోహులన్న ముద్ర వేసి వేటాడసాగారు. భార్య ఐలీన్‌తో సరిహద్దు దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. అబద్ధం సత్యంగా చలామణి కావడం కళ్ళారా చూసిన ఆ అనుభవమే గ్రంథానికి బీజం.

1941 నుండి 1943 వరకు బీబీసీలో భారతీయ శ్రోతలకై ప్రసంగాలు నిర్వహించారు. 1942లో ‘వాయిస్’ పేరిట రేడియోలో కవితాపత్రిక నడిపారు. 1944 ఆరంభంలో ‘యానిమల్ ఫామ్’ పూర్తయింది. రష్యా నాడు మిత్రదేశం; పలువురు ప్రచురణకర్తలు నిరాకరించారు. కవి టి.ఎస్. ఎలియట్ పనిచేసే సంస్థ కూడా వారిలో ఒకటి. 1945 ఆగస్టు 17న గ్రంథం వెలువడింది. అప్పటికే, మార్చిలో, ఐలీన్ కన్నుమూశారు.

1949లో మరొక ప్రసిద్ధ నవల ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ వచ్చింది. 1950 జనవరి 21న, 46వ ఏట, క్షయవ్యాధితో ఆర్వెల్ మరణించారు. ఆయన పుట్టిన దేశం అయిదు రోజులకు గణతంత్రమైంది. మద్రాసు రాష్ట్రాన్ని ఆనాడు పాలిస్తున్నవారు మన రాజపాళయం కుమారస్వామిరాజాగారు.

కథలో ఆశను పాడే గీతం నిషిద్ధమై, నాయకుని పొగిడే పద్యం గోడకెక్కుతుంది. గోడమీది శాసనాలూ రహస్యంగా మారిపోతాయి. చదువురాని ప్రాణులు మోసాన్ని గుర్తించలేవు. చదువ వచ్చిన గాడిద మౌనం వహిస్తుంది. పరీక్షలో అలంకారాల పేర్లు వ్రాయగల మన విద్యార్థి ఆ గాడిద కాకుండా చూడడమే ఉపాధ్యాయుని అసలు పని.