మైకేల్ ఫారడే : బైండింగు కొట్టు నుండి ప్రయోగశాలకు

మన ఇండ్లలో స్విచ్చి వేయగానే దీపము వెలుగును. ఆ వెలుగు వెనుక ఒక కమ్మరి కుమారుడున్నాడని మనలో ఎందరికి తెలియును? ఒక బీద బాలుని మనసు విజ్ఞానశాస్త్రము వైపు ఎట్లు మళ్లునో మైకేల్ ఫారడే జీవితము చక్కగా తెలుపుచున్నది గనుక, దానిని సంఘస్థుల యెదుట ఉంచ గోరుచున్నాము.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను దాపున జన్మించెను. తండ్రి తరచు రోగముతో బాధపడుచుండెను. 1801లో ధరలు మండిపోయిన దినములలో బాలునికి వారమంతటికి ఒక్క రొట్టె దక్కెను. బడిలో చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు మాత్రమే నేర్చెను. 1804లో రీబో అను పుస్తక వ్యాపారి కొట్టులో చేరి, మరుసటి యేటి నుండి ఏడేండ్లు బైండింగు పని నేర్చెను.

బైండింగుకు వచ్చిన పుస్తకములను అతడు కుట్టుట మాత్రమే గాక చదువుచుండెను. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను స్త్రీ వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును అతని మనసును పట్టుకొనెను. చదివినది నిజమో కాదో చూడవలెనని, మిగిల్చిన చిల్లర డబ్బులతో చిన్న పరికరములు చేసికొనెను. యజమాని కసరక ప్రోత్సహించెను.

1810లో టేటమ్ అనునతని సాయంకాల ఉపన్యాసములకు వెళ్లనారంభించెను. ఒక్కొక్క దానికి రుసుము ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చినవాడు కమ్మరి పని చేయుచున్న అన్న రాబర్టు. 1812లో, కొట్టునకు వచ్చు డాన్స్ అను పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇప్పించెను. ఫారడే విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీచి, స్వయముగా బైండు చేసి డేవీకి పంపెను. బైండింగు పని విడువవద్దని డేవీ మొదట సలహా ఇచ్చెను. అయినను సహాయకుని స్థానము ఖాళీ కాగానే పిలిపించెను. 1813 మార్చిలో, వారమునకు 25 షిల్లింగుల జీతముపై ఫారడే అక్కడ చేరెను.

1831లో ఆయన తీగచుట్టలో అయస్కాంతమును కదిలించి విద్యుత్తు పుట్టించెను. నేటి జనరేటర్లు ఆ సూత్రము మీదనే తిరుగుచున్నవి. ఇంత కీర్తి వచ్చినను, శాండిమేనియను అను చిన్న సంఘములో నమ్మకముగా నుండి, 1840లో సంఘ పెద్ద ఆయెను. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వలదనెను. తాను పొందిన మేలు మరువక, పిల్లల కొరకు క్రిస్మసు ఉపన్యాసములు ఇచ్చెను. ఒక్క కొవ్వొత్తిని చూపి రసాయనశాస్త్రము బోధించెను. 1867 ఆగస్టు 25న నిద్రించెను.

తెలివి దేవుడిచ్చెను గాని, తలుపులు తెరచినవారు ఒక యజమాని, ఒక అన్న, కొట్టునకు వచ్చిన ఒక మనిషి. ఇక్కడ మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. సండే స్కూలులో కంఠత వాక్యము చెప్పిన బిడ్డకు బహుమానమిచ్చితిమి. ఉరుము ఎందుకు ఉరుమునని అడిగిన బిడ్డను కూర్చోమంటిమి. ఈ శతవార్షిక సంవత్సరమున ప్రతి సంఘమును ఒక బీద బిడ్డకు ఒక పుస్తకమో, బస్సు ఛార్జీయో, ఓపికతో ఒక జవాబో ఇచ్చునుగాక. అన్న ఇచ్చిన షిల్లింగు ఎన్ని ఇండ్లలో వెలుగుచున్నదో చూచుచునే యున్నాము గదా!