కాటను దొర - కాలువ మీది బాట

గోదావరి మండలములలో కాటను దొర పేరు వినని యిల్లుండదు. ఊరూర ఆయన విగ్రహములు వెలసినవి. నదీస్నాన సమయమున సంకల్పములో ఆయన పేరును గూడ చేర్చి చెప్పు పురోహితులు గలరని ప్రతీతి. బ్రౌను దొరను మినహాయించినచో తెలుగువారి గుండెలలో ఇంతటి చోటు సంపాదించుకొన్న పరదేశీయుడు మరియొకడు లేడు. అయితే ఈ గౌరవమంతయు పొలములకు నీరు పారించినందులకే. ఆయన తన మనస్సులో నీటిపారుదలతో సమానముగ, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, నిలుపుకొన్న ఆశయము వేరొకటి కలదు. నీటి మీద పడవ నడువవలెను, సరకు చవుకగా సాగవలెను అనునదియే ఆ ఆశయము. ఆనకట్టలో ఆయన గెలిచెను. పడవ విషయమున సగము గెలిచి సగము ఓడెను. ఆ ఓటమిని గూర్చి చెప్పువారు తక్కువ.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. పెద్ద కుటుంబమున పదవ కుమారుడు. ఆడిస్కాంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయమున చదివి, పదునారేండ్ల ప్రాయమున ఇంజనీర్ల దళములో చేరి, 1821లో చెన్నపట్టణము చేరెను. మరుసటి సంవత్సరమే దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో ఉద్యోగము లభించెను. పాంబన్ వద్ద ఓడలు పోవుటకు వీలగు త్రోవను పరిశీలించు పనియు ఆ రోజులలోనే ఆయనకు అప్పగింపబడెను. నడుమ బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను.

ఆయనకు గురువు అనదగినది కావేరి. తెలుగు చోడులు తమ మూలపురుషునిగా చెప్పుకొన్న కరికాలుడు కట్టించెనని ప్రసిద్ధి గాంచిన పెద్ద ఆనకట్ట శతాబ్దముల తరబడి యిసుక మీదనే నిలిచియుండుట కాటను చూచెను. అడుగున రాతినేల తగులకున్నను, వట్టి యిసుకలో బరువైన రాళ్లను పేర్చుకొనిపోయినచో కొంత దిగి పిమ్మట కదలక నిలుచునను రహస్యమును ఆయన నేర్చుకొన్నది అచటనే. ఈ విద్య ఈ దేశపు పూర్వులదేయని ఆయన దాచక ఒప్పుకొనెను. ఇది ఆయన గుణములలో ఎన్నదగినది. ఆ తెలివితో 1836లో కొళ్ళిడము మీద రెండు ఆనకట్టలు కట్టించి తంజావూరు సీమను నిలబెట్టెను.

ఇచట ఒక వింత చెప్పవలసియున్నది. తరువాతి కాలమున రైళ్లకు బద్ధవిరోధియని పేరుపడిన ఈయనయే 1837లో చెన్నపట్టణము చేరువ ఎఱ్ఱకొండల నుండి రోడ్లకు రాయి తెచ్చుటకు ఇనుప పట్టాల బాట వేయించెను. ఈ దేశమున పట్టాల మీద బండి నడచుటకు అదియే నాంది యందురు.

ఆరోగ్యము చెడి సెలవుపై టాస్మేనియాకు పోయి, 1841లో అచట ఎలిజబెత్ లియర్మంతును వివాహమాడి తిరిగివచ్చిన పిమ్మట ఆయన విశాఖపట్టణ ప్రాంతమున పనిచేయుచుండెను. అప్పటి గోదావరి మండలపు స్థితి తలచుకొన్నచో గుండె తరుగుకొనిపోవును. 1832-33లో నందన కరువు. 1839లో కోరంగి ఉప్పెన. లెక్కల ప్రకారము రాజమహేంద్రవరం జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఏటిలో నీరు నిండుగా సముద్రము పాలగుచుండగా గట్టున జనులు గంజి లేక చచ్చుచుండిరి. కాటను 1844లో నదిని పరిశీలించి నివేదిక వ్రాసెను. మరుసటి ఏట మరియొకటి వ్రాసెను. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని ఆరంభమయ్యెను.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములు, నడుమ లంకలు. అడుగులలో వరుసగా 4,872, 2,859, 1,548, 2,601. వెరసి రెండుంబావు మైళ్ల గోడ. ఎత్తు పండ్రెండడుగులు. ధవళేశ్వరము కొండ రాయి తవ్వి, పట్టాల మీద ఏటి యొడ్డునకు తెచ్చి, అచటి నుండి పడవలలోనికి ఎక్కించి నది నడుమకు చేరవేసిరి. ఆనకట్ట కట్టినది రాయి సున్నములే యైనను, వానిని మోసినది పడవ. పడవవాండ్రు లేనిదే ఒక్క రాయియు లంక చేరియుండెడిది కాదు. పదివేల వరకు కూలీలు పనిచేసిరి. ఇందరిని కూడదీసి నడిపించుటలో వీణం వీరన్నగారి సహాయము లేనిచో కాటను దొర యంతటివాడును చేతులెత్తవలసియుండెడిదని అనుటలో అతిశయోక్తి లేదు. 1848లో కాటను జబ్బుపడి సెలవుపై పోవలసిరాగా కెప్టెన్ ఆర్ పని నడిపెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ పిమ్మట వైనతేయ పాయ మీద గన్నవరము వద్ద నలుబది తొమ్మిది కమానులతో లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన అక్విడక్టు నాగరపు లంకకు నీరు దాటించెను. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకును ఆనకట్ట వచ్చెను.

ఇక కాలువలు. చేనికి నీరు పంపుట మాత్రమే ఉద్దేశ్యమైనచో కాలువ తవ్వుట సులభమే. నేల వాలును బట్టి తవ్వుకొనిపోయిన చాలును. నీరు తానై పరుగెత్తును. అదే కాలువలో పడవయు నడువవలెనన్నచో చిక్కు వచ్చును. పరుగెత్తు నీటిలో దిగువకు పోవు పడవకు సుఖమే గాని ఎగువకు రావలసిన పడవకు ప్రాణాంతకము. కావున నీరు మెల్లగా పారవలెను, లోతు ఎల్లవేళల చాలినంత ఉండవలెను. దీనికై ప్రధాన కాలువలను మెట్లు మెట్లుగా కట్టి, ఒక్కొక్క మెట్టున లాకు నిర్మించిరి. రాతితో కట్టిన పొడవైన తొట్టి. దానికి ఎగువ నొక జత, దిగువ నొక జత తలుపులు. దిగువ నుండి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే వెనుక తలుపులు మూసి, ఎగువ తూము విడుతురు. నీరు నిండిన కొలది పడవ పైకి లేచును. రెండు ప్రక్కల నీరు సమమైన క్షణమున ఎగువ తలుపులు విచ్చుకొనును. మనిషి బలముతో కదలని వందల బస్తాల ధాన్యమును నీరే ఎత్తి మెట్టెక్కించును. లాకు వద్ద పడవలు బారులు తీరి వంతు కొరకు వేచియుండుటయు, అంతలో వంటలు, బేరములు, తగవులు సాగుటయు డెల్టాలో మూడు నాలుగు తరములవారు చూచిన దృశ్యమే.

పడవ నడుపుట తేలిక కాదు. గాలి అనుకూలించినచో తెరచాప, లేనిచో గెడ, గెడయు చాలనిచోట తాడు కట్టి కాలువ గట్టు మీద నడచుచు మనుష్యులే లాగుదురు. గట్టున ఈ నడకకు దారి విడిచిపెట్టుట కాలువల నియమములలో ఒకటి. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేసినచో పడవలు ఎక్కడివక్కడ బురదలో కూలబడును; సరంగు కుటుంబమునకు ఆ దినములు పస్తులే. వంతులవారీ నీటికై రైతు ఒకవంక, లోతు తగ్గెనని పడవవాడు మరియొకవంక ఇంజనీర్ల మీద ఒత్తిడి తెచ్చెడివారు. నీరు తక్కువైనప్పుడు ఎవరి మాట నెగ్గెనో చెప్పనక్కరలేదు. పైరు ఎండుచుండగా పడవ కొరకు నీరు నిలుపుట ఏ అధికారికి సాధ్యము?

అయినను ఆ బాట మహత్తరమైనది. విజ్జేశ్వరము నుండి ఏలూరు మీదుగా బెజవాడకు కాలువ. కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ. పెదగంజాము నుండి బకింగుహాము కాలువ. కాకినాడలో ఎక్కిన సరకు సముద్రము ముఖము చూడకయే చెన్నపట్టణము దాటి మరక్కాణము వరకు పోగలిగెను. బకింగుహాము కాలువ అంతయు కాటను పని కాదు. మొదటి తునక 1806 నాటికే ఉండెను, కడపటి భాగములు 1876-78 నాటి ధాత కరువులో కూలి కొరకు తవ్వబడినవి. అయితే ఇవన్నియు ఒక్క గొలుసుగ కలియుటకు మధ్య లంకెలను సమకూర్చినవి ఆయన ఆనకట్టలే.

1861లో సర్ బిరుదము వచ్చెను. అప్పటికి ఆయన ఊహ డెల్టాలను దాటిపోయెను. సింధు, గంగా, గోదావరి, తుంగభద్రలను కాలువలతో కలిపి దేశమంతట పడవలు నడుపవలెనని ఆయన తలపోసెను. ఇందు కొంత కార్యరూపమునకు వచ్చెను, చాలవరకు విఫలమయ్యెను. నాగపురము, బేరారు ప్రాంతముల ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రమునకు దింపవలెనని దుమ్ముగూడెము వద్ద కట్ట, లాకులు కట్టిరి. పైన ఇంకను రెండు రాతిమెట్లు మిగిలియుండగనే, మన్యపు జ్వరములకు ఎందరో బలియైన పిమ్మట, 1871లో ఆ పని మానుకొనిరి. సుంకేసుల నుండి కడపకు దాదాపు 190 మైళ్ల కాలువ తవ్విన ప్రైవేటు కంపెనీ నష్టముల పాలై, 1882లో ప్రభుత్వమునకు అమ్ముడుపోయెను. ఒరిస్సా కాలువల కంపెనీ గతియు అట్టిదే. డెల్టాలో చెల్లిన లెక్క మెట్ట సీమలో చెల్లదని ఆయన గ్రహింపలేదు. వరి అలవాటులేని రైతు నీటికి పన్ను కట్టునా యన్న ప్రశ్నను ఆయన తేలికగా తీసుకొనెను. ఇది దోషమే, మహనీయుని దోషమని మరుగుపరచుట తగదు.

ధాత కరువులో దక్షిణ దేశమున లక్షలాది జనులు మరణించిరి. అప్పటికి పింఛనుపై సీమలో నున్న వృద్ధుడు మరల గొంతెత్తెను. రైళ్లకు కోట్లు వెచ్చించి కాలువలకు చేయి బిగించినందుననే ఇంత చావు సంభవించెనని సభలలో వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను పిలిచి విచారించెను. డెబ్బదియైదేండ్ల ప్రాయమున ఆయన ఇచ్చిన సాక్ష్యమునకు ఆదరణ లభింపలేదు. కర్నూలు కాలువ నష్టమునే ఎత్తిచూపి ఆయన పథకములను ప్రక్కకు నెట్టిరి. నీటిపారుదల విషయమున ఆయన వాదము సత్యమని తరువాతి కాలము ఒప్పుకొనెను. పడవల విషయమున మాత్రము రైలుదే పైచేయి. త్వరగా పోవు బండి ఎదుట చవుకైన పడవ నిలువలేకపోయెను.

విశ్రాంతి దినములలోను ఆయన ఊరకుండలేదు. ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించుచు ప్రయోగములు చేసెను. అరబ్బీ నేర్చుకొనువారికై చిన్న వాచకము కూర్చెను. 1899 జూలై 24న డోర్కింగులో, తొంబదియారేండ్లు నిండిన పిమ్మట కన్నుమూసెను. మరుసటి సంవత్సరము ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి చరిత్రను ప్రకటించెను.

సరిగా ఆ సంవత్సరముననే, 1900లో, రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన తెరువబడెను. అయినను కాలువల మీది రాదారి పడవలు వెంటనే మాయము కాలేదు. బస్సులు, లారీలు ఊరూర చేరువరకు డెల్టా పల్లెలకు పెండ్లివారిని, ధాన్యమును, కొబ్బరిని మోసినవి అవే. పాత ఆనకట్ట స్థానమున కట్టిన బారేజి 1982లో పూర్తియై కాటను పేరనే వెలసెను. కాకినాడ - పుదుచ్చేరి కాలువలను గోదావరి, కృష్ణలతో గూడ నాలుగవ జాతీయ జలమార్గముగ 2008లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను.

ఆ కాలువల మీద కాటను ఊహింపని సరకు ఒకటి ఒకప్పుడు సాగినది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో పడవ మీద గ్రంథాలయము నడిపిరి. రేవున పడవ ఆగినప్పుడు గట్టు మీదివారు చదివిన పుస్తకమును తిరిగి ఇచ్చి క్రొత్తది పుచ్చుకొనెడివారు. పడవ తరువాతి యూరికి సాగిపోయెడిది.