హృదయ దర్పణం – ఇమామ్ గజాలీ జీవితం

కంటికి కనబడని సత్యాన్ని కంటికి కనబడే వస్తువుతో పోల్చి చెప్పడం బోధకులు అనాదిగా అనుసరిస్తున్న మార్గం. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోను, ఇంద్రియాలను గుర్రాలతోను పోల్చింది. మన శతక కవులు నిత్యజీవితంలోని దృష్టాంతాలతోనే నీతిని, తత్త్వాన్ని పండిత పామరులకు అందించారు. ఇస్లాం ధర్మాచార్యులలో ఈ పద్ధతిని పరమోత్కృష్టంగా ఉపయోగించినవారిలో ఇమామ్ అబూ హామిద్ గజాలీ అగ్రగణ్యుడు. అద్దం, చెరువు, అక్రోటు కాయ, చీమ, కలుపు మొక్క – ఇటువంటి సామాన్య వస్తువులే ఆయన చేతిలో ఆత్మవిద్యకు సాధనాలయ్యాయి. ఆ దృష్టాంతాల వెనుక ఆయన స్వయంగా అనుభవించిన వేదన ఒకటి ఉంది. తెలుసుకోవడానికీ, తెలుసుకొన్నట్లు జీవించడానికీ నడుమ ఎంత దూరమున్నదో ఆయన తన బ్రదుకులోనే చూశాడు. ఆ దూరాన్ని దాటడమే ఆయన జీవితచరిత్ర.

గజాలీ క్రీ.శ. 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ నగరంలో జన్మించాడని సంప్రదాయం చెబుతున్నది. ఆ ప్రదేశం నేటి ఇరాన్ దేశపు ఈశాన్య భాగంలో, మష్హద్ నగరానికి సమీపంలో ఉంది. నాడు ఆ ప్రాంతమంతా సెల్జూక్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. తండ్రి ఉన్ని వడికి, దుకాణంలో అమ్ముకొని జీవించే పేదవాడు. తనకు చదువబ్బలేదన్న చింత ఆయనను జీవితాంతం బాధించింది. మరణకాలం ఆసన్నమైనప్పుడు ఆయన తన కుమారులిద్దరినీ, తాను కూడబెట్టిన కొద్దిపాటి ధనాన్నీ ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టి, పిల్లలకు విద్య చెప్పించవలసిందిగా కోరాడు. కొంతకాలానికి ఆ ధనం నిండుకొన్నది. ఆ మిత్రుడూ నిరుపేదయే. విద్యార్థులకు భోజన వసతి కల్పించే మదరసాలో చేరి చదువుకొమ్మని ఆయన ఆ బాలురకు హితవు చెప్పాడు. అన్నం కోసం విద్యాలయంలో అడుగుపెట్టిన ఆ అన్నదమ్ములే తరువాతి కాలంలో ఇస్లామీయ వాఙ్మయంలో సుప్రసిద్ధులైన అబూ హామిద్ గజాలీ, అహ్మద్ గజాలీ. తాము దైవం కోసం కాక మరొక ప్రయోజనం కోసం విద్యను ఆశ్రయించినా, ఆ విద్య మాత్రం తమను దైవం వైపే నడిపించిందని గజాలీ పెద్దవాడైన తరువాత తలచుకొనేవాడట.

ఆయన విద్యార్థి దశలో జరిగినట్లు చరిత్రకారులు చెప్పే సంఘటన ఒకటి ఉంది. జుర్జాన్ నగరంలో కొంతకాలం చదువుకొని, గురువు చెప్పిన పాఠాలన్నీ కాగితాలపై వ్రాసుకొని, ఆయన స్వస్థలానికి తిరుగు ప్రయాణమయ్యాడు. దారిలో దొంగలు అడ్డగించి ప్రయాణికుల సామానంతా దోచుకొన్నారు. గజాలీ ప్రాణాలకు తెగించి దొంగల నాయకుని వెంటబడ్డాడు. తన సంచిలోని కాగితాలు వారికి పనికిరావని, వాటిలోని విద్య కోసమే తాను ఊరు విడిచి వచ్చానని, అవి మాత్రం ఇప్పించమని వేడుకొన్నాడు. దొంగ నవ్వాడు. సంచి పోగానే పోయేది విద్య ఎలా అవుతుందని ప్రశ్నించి, కాగితాలు తిరిగి ఇప్పించాడు. ఆ ప్రశ్న గజాలీ మనస్సులో బాణంలా నాటుకొన్నది. ఇంటికి చేరి మూడేండ్లు శ్రమించి ఆ పాఠాలన్నింటినీ కంఠస్థం చేశాడు. ఇక ఏ దొంగా తన విద్యను అపహరించలేడని అనుకొన్నాడు. కాని దొంగ వేసిన ప్రశ్నకు అది సగం సమాధానమే. మిగిలిన సగం కోసం ఆయన మరి కొన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది.

అనంతరం గజాలీ నీషాపూర్ చేరి, ఆ కాలపు మహాపండితుడైన ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యుడయ్యాడు. ధర్మశాస్త్రం, తర్కం, వేదాంత చర్చ మొదలైన వాటిలో అపారమైన పాండిత్యం సంపాదించాడు. 1085లో గురువు మరణించిన పిమ్మట, సెల్జూక్ సుల్తాను మాలిక్ షా ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానంలో ప్రవేశించాడు. విద్వద్గోష్ఠులలో గజాలీ వాదపటిమను చూచి ముగ్ధుడైన ఆ మంత్రి 1091లో ఆయనను బాగ్దాద్‌లోని నిజామియా విద్యాపీఠంలో ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడు సంవత్సరాలు. అక్కడ మూడు వందల మంది విద్యార్థులకు తాను పాఠం చెబుతుండేవాడినని ఆయనే వ్రాసుకొన్నాడు. ఖలీఫా మొదలు సామాన్యుల వరకు అందరూ ఆయనను గౌరవించారు.

అంతటి పండితుని మనస్సు అంతకు మునుపే సంశయాలతో సతమతమైంది. ఆ కథను తన ఆత్మకథాత్మక గ్రంథం 'అల్ మున్‌ఖిజ్'లో ఆయన దాచకుండా చెప్పాడు. నేల మీది నీడ నిశ్చలంగా ఉన్నట్లు కన్ను చెబుతుంది. కొంతసేపటికి చూస్తే అది కదిలి ఉంటుంది. ఆకాశంలోని నక్షత్రం బంగారు నాణెమంత కనబడుతుంది. గణితం మాత్రం అది భూమికంటె పెద్దదని నిరూపిస్తుంది. కన్ను చెప్పినది అసత్యమని బుద్ధి తేల్చింది కదా, రేపు బుద్ధి చెప్పినది కూడ అసత్యమని తేల్చే శక్తి మరొకటి ఉండరాదా? స్వప్నంలో సత్యంగా తోచినది మేల్కొన్నాక మిథ్య అయినట్లు, ఈ మెలకువ కూడ మరొక మెలకువ ముందు కలగా తేలరాదా? ఈ ప్రశ్నలు ఆయనను సుమారు రెండు మాసాలు వేధించాయి. దైవం తన హృదయంలో ప్రసరింపజేసిన వెలుగు వల్లనే ఆ సంశయవ్యాధి నయమైందని, తన తర్కం వల్ల కాదని ఆయన వినయంగా అంగీకరించాడు.

బాగ్దాద్‌లో ఉన్న కాలంలోనే ఆయన తత్త్వవేత్తల సిద్ధాంతాలను ఆమూలాగ్రం చదివి, వాటిలో కొన్నింటిని ఖండిస్తూ 'తహాఫుతుల్ ఫలాసిఫా' అనే గ్రంథాన్ని రచించాడు. అయినా గణిత ఖగోళశాస్త్రాలను ఆయన తిరస్కరించలేదు. గ్రహణం ఎలా ఏర్పడుతుందో గణితం నిరూపించిన తరువాత దానిని మతం పేరుతో కాదనేవాడు మతానికే హాని చేస్తాడని హెచ్చరించాడు.

1095వ సంవత్సరం ఆయన జీవితాన్ని రెండు భాగాలు చేసింది. సూఫీల గ్రంథాలు చదివిన కొలదీ ఆయనకు ఒక విషయం స్పష్టమైంది. ఆరోగ్యానికి లక్షణం చెప్పగలగడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. రోగగ్రస్తుడైన వైద్యునికి ఆరోగ్యమంటే ఏమిటో, దానికి ఔషధమేమిటో తెలుసు. కాని ఆ సమయంలో ఆరోగ్యం మాత్రం అతని వద్ద లేదు. మూడు వందల మందికి బోధిస్తున్న తానూ అటువంటి వైద్యుడనే అని గజాలీకి తోచింది. తాను పాఠం చెప్పడం దైవం కోసమా, కీర్తి కోసమా అని ఆత్మపరీక్ష చేసుకొంటే, కీర్తి కోసమేనన్న సమాధానం వచ్చింది. పదవిని విడిచిపెట్టాలని ఒకనాడు నిశ్చయించుకోవడం, మరునాడు ఆ నిశ్చయాన్ని వదులుకోవడం – ఇలా సుమారు ఆరు మాసాలు ఆయన ఊగిసలాడాడు. చివరకు ఒకనాడు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. విద్యార్థుల తృప్తి కోసం ఎంత ప్రయత్నించినా నాలుక కదలలేదు. ఆహారం సహించలేదు; మింగిన కొద్దిపాటి పానీయమూ జీర్ణం కాలేదు. ఇది మనస్సులో పుట్టి శరీరానికి సోకిన జబ్బు అని, మనస్సుకు శాంతి లభిస్తే తప్ప చికిత్స లేదని వైద్యులు చేతులెత్తేశారు. పూర్వం దొంగ కాగితాలను ఎత్తుకుపోయాడు. ఇప్పుడు కంఠస్థమైన విద్య సైతం కంఠంలోనే నిలిచిపోయింది.

అప్పుడు ఆయన సమస్తాన్నీ వదలుకొన్నాడు. కుటుంబ పోషణకు అవసరమైనంత మాత్రం ఉంచి, మిగిలిన సంపదను పంచిపెట్టాడు. మక్కా యాత్రకు వెళ్తున్నానని చెప్పి 1095 నవంబరులో బాగ్దాద్ విడిచాడు. డమాస్కస్ చేరి, అక్కడి మహామసీదు మీనారు ఎక్కి, తలుపు మూసుకొని పగలంతా ధ్యానంలో గడిపేవాడు. అక్కడ నుండి జెరూసలెం వెళ్ళాడు. హెబ్రోన్‌లో ఇబ్రాహీం ప్రవక్త సమాధి వద్ద మూడు నియమాలు స్వీకరించాడు. ఇక రాజుల ధనం ముట్టరాదు. రాజుల కొలువుకు పోరాదు. గెలుపు కోసం వాదించరాదు. పిమ్మట హజ్ యాత్ర ముగించుకొని, కుటుంబాన్ని చూడవలెనన్న కోరికతో క్రమంగా స్వదేశం చేరాడు.

ఈ ఏకాంతవాస కాలంలోనే ఆయన మహాగ్రంథం 'ఇహ్యా ఉలూమిద్దీన్' రూపుదిద్దుకొన్నది. ధర్మవిద్యల పునరుజ్జీవనం అని దాని అర్థం. అందులో నలభై ప్రకరణాలున్నాయి. అరబ్బీ రాని సామాన్యుల కోసం ఆ బోధనల సారాన్ని పారశీక భాషలో 'కీమియాయె సఆదత్' అనే పేరుతో ఆయనే వ్రాశాడు. ఇనుమును బంగారంగా మార్చే రసవిద్య వంటి విద్యయే మనిషిని ఆనందమయునిగా మారుస్తుందని ఆ పేరులోని ధ్వని.

గజాలీ దృష్టాంతాలలో మకుటాయమానమైనది అద్దం. ఆ కాలంలో అద్దాలను లోహంతో చేసేవారు. అటువంటి అద్దంలో ప్రతిబింబం కనబడకపోవడానికి ఆయన అయిదు కారణాలు చెప్పాడు. లోహం ఇంకా అద్దంగా రూపొందకపోవచ్చు. రూపొందినా తుప్పు పట్టి ఉండవచ్చు. శుభ్రంగానే ఉన్నా వేరొక వైపు తిరిగి ఉండవచ్చు. ఎదురుగా ఉన్నా నడుమ తెర అడ్డు ఉండవచ్చు. లేదా చూడదలచిన వస్తువు ఏ దిక్కున ఉన్నదో తెలియకపోవచ్చు. హృదయమూ అంతే. పసివాని హృదయం ఇంకా పక్వం కానిది. పాపం తుప్పు వంటిది. ప్రాపంచిక వ్యవహారాలలోనే మునిగినవాని హృదయం వేరొక వైపు తిరిగిన అద్దం. చిన్ననాటి నుండి విచారణ లేకుండా పట్టుకొన్న దురభిమానం తెర వంటిది. ఇక అయిదవ కారణానికి ఆయన చెప్పిన ఉదాహరణ మనమందరం ఇంట్లో పరీక్షించదగినది. తన మెడ వెనుక భాగాన్ని చూడదలచినవానికి ఒక్క అద్దం చాలదు. రెండవ అద్దాన్ని వెనుక తగిన కోణంలో నిలపడం తెలియాలి. తెలిసిన రెండు విషయాలను సరిగా జోడించి తెలియని మూడవదానిని గ్రహించే ఉపాయం తెలియకపోతే, నిర్మలమైన హృదయానికి సైతం సత్యం గోచరించదు.

బయటి విద్యకూ లోపలి జ్ఞానానికీ గల భేదాన్ని ఆయన చెరువుతో పోల్చాడు. కాలువల ద్వారా బయటి నీటిని చెరువులోనికి మళ్ళించవచ్చు. ఆ కాలువలను మూసివేసి, అడుగున మట్టిని త్రవ్వితే లోపలి ఊట పైకి వస్తుంది. ఆ నీరు తేటగా ఉంటుంది, ఎడతెగకుండా ఊరుతుంది. పంచేంద్రియాలు కాలువలు, హృదయం చెరువు, త్రవ్వడమే సాధన. భక్తిలోని తారతమ్యాలను చెప్పడానికి ఆయన అక్రోటు కాయను ఎన్నుకొన్నాడు. దేవుడొక్కడేనని నాలుకతో మాత్రం పలకడం చేదైన పైతొక్క; మనస్సుతో నమ్మడం పప్పును కాపాడే పెంకు; అంతర్దృష్టితో దర్శించడం పప్పు; సర్వమూ ఆ ఒక్కటిగానే కనబడే స్థితి ఆ పప్పులోని నూనె.

శరీరాన్ని ఆయన ఒక రాజ్యంగా వర్ణించాడు. హృదయం రాజు, బుద్ధి మంత్రి, కోరిక పన్నులు వసూలు చేసే అధికారి, కోపం కొత్వాలు. పన్నులు లేకపోతే రాజ్యానికి పోషణ లేదు. కొత్వాలు లేకపోతే రక్షణ లేదు. కనుక కోరికను, కోపాన్ని నిర్మూలించవలసిన పని లేదు. వాటిని మంత్రి అదుపులో ఉంచితే చాలు. రాజు మంత్రిని కాదని ఆ ఇద్దరి మాట వింటే మాత్రం రాజ్యం నాశనమవుతుంది. సృష్టిలో కనబడే కారణాలనే పరమకారణమని భ్రమపడేవారిని కాగితం మీది చీమతో పోల్చాడు. కలం కొన వ్రాస్తుండగా చూచిన చీమ ఆ వ్రాత కలానిదే అనుకొంటుంది. చూపు కాస్త విశాలమైన మరొక చీమకు వ్రేళ్ళు కనబడతాయి. వ్రాసేవాని సంకల్పం మాత్రం రెండింటికీ కనబడదు.

నిజాముల్ ముల్క్ కుమారుడైన మంత్రి ఫఖ్రుల్ ముల్క్ పట్టుదల మీద గజాలీ 1106లో నీషాపూర్ విద్యాపీఠంలో మళ్ళీ ఆచార్యపీఠం అధిరోహించాడు. బయటికి చూస్తే అది పాత ఉద్యోగమే. కాని పూర్వం తాను కీర్తినిచ్చే విద్యను బోధించానని, ఇప్పుడు కీర్తిని విడిచిపెట్టించే విద్యను బోధిస్తున్నానని ఆయన ఆ భేదాన్ని వివరించాడు. తన శిష్యుడొకడు, ఇన్ని శాస్త్రాలు చదివాను కదా, వీటిలో నాకు ఏది ఉపయోగపడుతుందని అడిగితే, సమాధానంగా ఒక లేఖ వ్రాశాడు. అది 'అయ్యుహల్ వలద్' అనే పేరుతో ప్రసిద్ధం. ఒక వీరుడు అడవిలో పోతున్నాడు. అతని వద్ద హిందూదేశపు మేలైన ఖడ్గాలు పది ఉన్నాయి. సింహం ఎదురైంది. ఒర నుండి దూయకపోతే ఆ పది ఖడ్గాలూ అతనిని కాపాడతాయా? లక్ష విషయాలు చదివి, ఒక్కటైనా ఆచరించనివాని గతీ అంతే. మన దేశపు ఉక్కు కత్తుల ఖ్యాతి ఖురాసాన్ పండితుని లేఖకు ఎక్కడం మనకు ముచ్చట గొలిపే విషయం. ఆ లేఖలోనే గురువును రైతుతో పోల్చాడు. పైరు నడుమ మొలిచిన ముళ్ళ మొక్కలను, కలుపును పెరికివేస్తేనే పంట ఏపుగా పెరుగుతుంది. శిష్యునిలోని దుర్గుణాలను తొలగించడమే గురువు చేయవలసిన కలుపు తీత.

అంత్యకాలంలో గజాలీ తూస్‌లోని తన ఇంటి ప్రక్కనే ఒక పాఠశాలను, సూఫీ సాధకులకు ఒక ఆశ్రమాన్ని నడిపాడు. 1111 డిసెంబరులో పరమపదించాడు. ఆనాటి ఉదయం ప్రార్థన ముగించి, తన శవవస్త్రాన్ని తెప్పించుకొని, కన్నులకద్దుకొని, ప్రశాంతంగా పవళించి కన్నుమూశాడని తమ్ముడు అహ్మద్ చెప్పినట్లు ప్రతీతి. ఇస్లామీయ లోకం ఆయనను 'హుజ్జతుల్ ఇస్లాం' అని కీర్తించింది. ఆయన వాదాలతో విభేదించినవారూ లేకపోలేదు. స్పెయిన్ దేశపు తాత్త్వికుడు ఇబ్న్ రుష్ద్ ఆయన తత్త్వఖండనకు ప్రతిఖండన గ్రంథమే వ్రాశాడు. ఆయన రచనలలో ఒకటి పండ్రెండవ శతాబ్దంలోనే లాటిన్ భాషలోనికి వెళ్ళింది.

గజాలీ మరణించి తొమ్మిది శతాబ్దాలు గడిచినా దొంగ వేసిన ప్రశ్న మాత్రం పాతబడలేదు. నేటి విద్యార్థి సంచిలోనూ కాగితాలున్నాయి. పరీక్ష కోసం వాటిని కంఠస్థం చేయడమూ ఉంది. అక్కడితో ఆగిపోతే ఖడ్గం ఒరలోనే ఉండిపోతుంది. చదివిన ఒక్క మంచి మాటనైనా నడవడిలోనికి తెచ్చుకొన్ననాడు, ఎవరూ అపహరించలేని విద్య మనకు దక్కుతుంది.