విపణి నాడి చూచిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్

వైద్యుడు మణికట్టు పట్టి రోగి నాడిని తెలిసికొనును. విపణికి మణికట్టు లేదు. వేలమంది ఆశలు, భయములు కలిసి ఒక్క ధరగా వెలికి వచ్చును. ఆ ధర వెనుకనున్న జనుల మనస్సును కనిపెట్టుటయే షేర్ల వర్తకునకు ముఖ్యమైన విద్య. పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయిలో ఆ విద్యకు పేరొందినవాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్.

ఆయన 1831 ప్రాంతమున సూరతుకు చెందిన జైన కుటుంబమున జన్మించెను. తండ్రి బొంబాయి చేరి వర్తకము చేసెను. ప్రేమ్‌చంద్ ఇంగ్లీషు చదువు ముగించి, యౌవనారంభముననే దళారీ వృత్తిలో ప్రవేశించెను. ఇంగ్లీషు చదువను వ్రాయను వచ్చిన దేశీయ దళారులు ఆనాడు అరుదు. తక్కినవారు వదంతులపై ఆధారపడగా, ఆయన లివర్‌పూల్ ప్రత్తి ధరల వార్తలను స్వయముగా చదివి బేరములాడెను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. దక్షిణ రాష్ట్రముల రేవులను ఉత్తరపక్షపు నౌకలు దిగ్బంధించుటచే అచ్చటి ప్రత్తి ఇంగ్లండు చేరుట దుర్లభమయ్యెను. లాంకషైర్ మిల్లులు భారతదేశపు ప్రత్తికై ఎదురుచూచెను. ధరలు మిన్నంటెను. యుద్ధకాలమున బొంబాయికి 7 కోట్ల పౌనులకు పైగా అదనపు ధనము చేరినదని అంచనా.

ఆ ధనము నిలువ చోటు వెదకెను. బ్యాంకులు, సముద్రమును పూడ్చి నేల సంపాదించు కంపెనీలు పుట్టగొడుగులవలె వెలసెను. బ్యాక్‌బే కంపెనీలో 5000 రూపాయలు చెల్లించిన షేరు ధర 50,000 వరకు ఎగబ్రాకెను. బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 2850 రూపాయలు తాకెను. షేర్ల పూచీపై బ్యాంకులు అప్పులిచ్చెను. ఆ అప్పుతో జనులు మరల షేర్లే కొనిరి.

ఇచ్చటనే ప్రేమ్‌చంద్ కథ మలుపు తిరిగినది. ప్రత్తి ధరకు మిల్లుల అవసరము, ఓడల రాకపోకలు ఆధారములు. వానిని విచారించి తెలిసికొనవచ్చును. షేరు ధరకో, జనుల ఉత్సాహము తప్ప వేఱొక ఆధారము లేకపోయెను. పైగా ఆ ఉత్సాహమునకు ఆయన పేరే ఆలంబనమయ్యెను. ఆయన చేయివేసిన కంపెనీ షేరు లేచెడిది. లేచుటచే ఆయన అంచనా నిజమైనట్లు తోచెడిది. జనులు ఆయనను చూచి కొనిరి. ఆయన జనులను చూచి విపణిని కొలిచెను. అద్దమున కెదురుగా అద్దము నిలిపినట్లయ్యెను. విపణి నాడి చూడవలసిన చేతికి తన నాడియే తగులుచుండెను.

1865 ఏప్రిలులో అమెరికా దక్షిణసేనాని లీ లొంగిపోయెను. ప్రత్తి ధర కూలెను. గడువు బేరములు తీర్చవలసిన 1865 జూలై 1వ తేదీన, కొనెదమన్నవారికి చెల్లించు శక్తి లేకపోయెను. ఒకడు పడగా వానిని నమ్మినవాడును పడెను. బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87 రూపాయలకు దిగజారెను. 1868లో ఆ బ్యాంకే మూతపడెను. 1866లో ప్రేమ్‌చంద్ దివాలా తీసెను. ఆయనను నమ్మి సొమ్ము పెట్టిన సామాన్య కుటుంబములెన్నో ఆ వెల్లువలో కొట్టుకొనిపోయెను.

ఆయన బొంబాయిని విడిచిపోలేదు. మరల వర్తకము సాగించి, 1906లో మరణించువరకు నలువదేండ్లు జీవించెను. ఐశ్వర్యకాలమున బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కొఱకు, గడియార స్తంభము కొఱకు రెండేసి లక్షల రూపాయలు దానమిచ్చెను. ఆయన తల్లి పేర వెలసిన రాజాబాయి స్తంభము 1878లో పూర్తియయ్యెను. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆయన నెలకొల్పిన విద్యార్థివేతనము పలువురు పండితులకు ఆసరా యయ్యెను.

1875లో బొంబాయి దళారులు తమకొక సంఘమును ఏర్పఱచుకొని నియమములు విధించుకొనిరి. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజికి అదియే మూలము. ఒక్కని పేరును నమ్ముటకంటె అందఱకును వర్తించు కట్టుబాటును నమ్ముట మేలని ఆ నగరము మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొన్నది.